డెల్టా రోడ్ల మీద కారుకి కొత్త టైర్లు: ఎక్కడ తగ్గొచ్చు, ఎక్కడ తగ్గకూడదు

టైర్ల షాపులో మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని కిలోమీటర్లు వస్తుందండీ?" రెండోది "ఆఖరికి ఎంతకిస్తారు?" ఈ రెండూ అడిగి, కాసేపు బేరమాడి, టైరుకి ఓ రెండొందలు తగ్గించుకుని సంతోషంగా బయటికొస్తాం. గోదావరి డెల్టాలో కారు నడిపేవాళ్లు వీటికంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు రెండున్నాయి. ఆ టైరు ఎప్పుడు తయారైంది? తడి రోడ్డు మీద దాని పట్టు ఎంత?

తడి గురించి ఎందుకంటే, ధవళేశ్వరం బ్యారేజీ దిగువన చాలా ఊళ్లకి వెళ్లాలంటే ఎంతోకొంత దూరం కాలువ గట్టు మీద నడపక తప్పదు. చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. జూన్ నుంచి నవంబరు దాకా వానలు, తుపాన్లు. వాన లేని రోజున కూడా రోడ్డు పొడిగా ఉంటుందన్న నమ్మకం లేదు. నాట్ల కాలంలో ట్రాక్టర్లు చేలోంచి బురద మోసుకొచ్చి తారు రోడ్డు మీద పరుస్తాయి. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చేపల లారీల నుంచి కారిన నీళ్లు ఎండాకాలంలోనూ రోడ్డుని తడుపుతూనే ఉంటాయి.

తయారీ తేదీ గురించి ఎందుకంటే, మన ఇళ్లలో చాలా కార్లు పెద్దగా తిరగవు. ఆసుపత్రికి, పెళ్లిళ్లకి, గుడికి, వారానికోసారి టౌనుకి. అన్నీ కలిపి ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు తిరుగుతుందనుకోండి. మామూలు టైరు నలభై వేలు వచ్చినా అది అరగడానికి ఆరేళ్లు దాటుతుంది. ఈలోగా ఎండకి రబ్బరు గట్టిపడిపోతుంది, పగుళ్లు తేలతాయి. అంటే అలాంటి కారుకి టైరు అరగక ముందే ముసలిదవుతుంది. దానికి "లక్ష కిలోమీటర్లు వస్తుంది" అన్న టైరుని ఎక్కువ పెట్టి కొనడం దండగ. ఆ డబ్బు తడిలో పట్టున్న టైరు మీద పెట్టాలి. రాజమండ్రి ఎయిర్‌పోర్టుకీ, హైదరాబాదుకీ కిరాయికి తిరిగే కారైతే లెక్క వేరు. వాళ్లకి మన్నికే ముఖ్యం, తేదీ గురించి అంత బెంగ అక్కర్లేదు, ఎందుకంటే ఒకటి రెండేళ్లలోనే అరగ్గొట్టేస్తారు.

ముందు, మార్చాలో లేదో చూసుకోండి

టైరు గాళ్ల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న దిమ్మలు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పైన రబ్బరు అరిగి ఆ దిమ్మలతో సమానమైతే చట్టప్రకారం కూడా ఆ టైరుకి కాలం చెల్లినట్టే. ఎక్కడున్నాయో కనబడకపోతే టైరు పక్కన చిన్న త్రికోణం గుర్తు వెతకండి, దానికి ఎదురుగా ఉంటాయి. కొత్త టైరుకి గాడి లోతు ఏడెనిమిది మిల్లీమీటర్లు ఉంటుంది. చట్టం 1.6 దాకా ఒప్పుకున్నా, వానలో అంతదాకా ఆగడం మంచిది కాదు. లోతు 3 మిల్లీమీటర్లకి వచ్చిందంటే నీళ్లని పక్కకి తోసే శక్తి బాగా తగ్గిపోయినట్టే. ఎండాకాలం చివర్లో మూడుకి వస్తే జూన్ రాకముందే మార్చేయండి. మనవాళ్లు చాలామంది సంక్రాంతికి మారుద్దామని ఆగుతారు. అంటే అరిగిన టైర్లతో వానాకాలమంతా గడిపి, పొడి రోడ్లు వచ్చాక కొత్తవి వేయిస్తారన్నమాట!

లోతు ఒక్కటే చూస్తే సరిపోదు. టైరు పక్కభాగాన ఎక్కడైనా బుడిపెలా ఉబ్బిందా చూడండి. ఉబ్బితే లోపల దారాలు తెగాయని అర్థం. అది ఇవాళ పేలొచ్చు, ఆరు నెలలకి పేలొచ్చు. గాడి ఎంత లోతున్నా దాన్ని తీసేయాల్సిందే. మన దగ్గర ఇది ఎక్కువగా లారీకి దారిచ్చేటప్పుడు జరుగుతుంది. తారు అంచు విరిగి మట్టి కిందికి దిగిపోయిన చోట ఎడమ చక్రం దిగి మళ్లీ ఎక్కుతుంది, ఆ అంచు టైరు పక్కభాగాన్ని నొక్కేస్తుంది. అందుకే ఎడమవైపు రెండు టైర్ల లోపలి పక్క కూడా వంగి చూడండి.

అరుగుదల తీరు చూస్తే కారు సంగతి కూడా తెలుస్తుంది. రెండు అంచులూ అరిగి మధ్య బాగుంటే గాలి తక్కువ పెట్టి నడిపారు. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువైంది. ఒకే అంచు అరిగితే అలైన్‌మెంట్ (చక్రాలు తిన్నగా ఉండే కోణం) పోయింది. అక్కడక్కడా గుంటలుగా అరిగితే బ్యాలెన్సింగో (చక్రం చుట్టూ బరువు సమంగా ఉండటం), షాక్ అబ్జార్బరో తేడా చేసింది. ఇవి సరిచేయకుండా కొత్త టైర్లు వేస్తే అవీ అలాగే అరుగుతాయి. అయిదేళ్లు దాటిన టైర్లని ఏడాదికోసారి మెకానిక్‌కి చూపించండి. పదేళ్లు నిండితే, చూడ్డానికి ఎంత కొత్తగా ఉన్నా, వాడొద్దు.

సైజు చదవడం

డ్రైవరు తలుపు తీస్తే పక్క స్తంభం మీద ఒక స్టిక్కరు ఉంటుంది. మీ కారుకి కంపెనీ చెప్పిన టైరు సైజు, గాలి ఎంత పెట్టాలో అందులో ఉంటాయి. పాత టైరు మీద ఉన్నదాన్ని నమ్మకండి. సెకండ్ హ్యాండ్ కారైతే అంతకుముందున్న ఓనరు ఏ సైజు వేయించాడో ఎవరికి తెలుసు?

స్టిక్కరు మీద 165/80 ఆర్14 85టి అని ఉందనుకోండి. 165 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 80 అంటే పక్కగోడ ఎత్తు, ఆ వెడల్పులో 80 శాతం. 14 అంటే రిమ్ము అంగుళాలు. 85 అంటే ఆ ఒక్క టైరు మోయగలిగిన బరువు 515 కిలోలని గుర్తు. టి అంటే గంటకి 190 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. బరువు అంకె, వేగం అక్షరం స్టిక్కరు మీద ఉన్నదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి, తక్కువ ఉండకూడదు. 82 అంటే 475 కిలోలే. చూడ్డానికి 85కీ 82కీ మూడే తేడా, నాలుగు టైర్లకీ కలిపి 160 కిలోలు తగ్గినట్టు. పండక్కి ఏడుగురు ఎక్కి, డిక్కీలో కొబ్బరి బొండాల బస్తా, అరిసెల డబ్బాలు వేసుకునే మనకి ఇది చిన్న విషయం కాదు.

"ఆ సైజు స్టాకు లేదండీ, దీనికి దగ్గరదే, పడుతుంది" అని షాపులో అంటారు. 165/80 ఆర్14 బదులు 175/65 ఆర్14 ఇచ్చారనుకుందాం. రిమ్ముకి పడుతుంది, నిజమే. కానీ చక్రం మొత్తం ఎత్తు దాదాపు 620 నుంచి 583 మిల్లీమీటర్లకి పడిపోతుంది. కారు అడుగు 18 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, స్పీడోమీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మన గుంతలకి ఆ 18 మిల్లీమీటర్లు వదులుకోలేం.

ఇంకొందరు పెద్ద రిమ్ములు, వెడల్పు టైర్లు వేయించమంటారు. కుర్రాళ్లకి ఇది మోజు. డబ్బు ఎక్కువ, సరే. అసలు విషయం ఏంటంటే, గాడి లోతు సమానంగా ఉన్నప్పుడు వెడల్పు టైరు నిలిచిన నీళ్ల మీద సన్న టైరుకంటే తొందరగా తేలుతుంది. పక్కగోడ పొట్టిగా ఉంటే గుంతలో పడ్డప్పుడు రిమ్ముకి దెబ్బ నేరుగా తగులుతుంది. మన రోడ్లకి కంపెనీ ఇచ్చిన సన్న, ఎత్తు టైరే సరైనది. అదృష్టవశాత్తూ చవకైనదీ అదే.

ఎన్ని కొనాలి

డబ్బు మిగిలే చోటు ఇది. రెండు బాగుండి రెండే అరిగితే నాలుగూ మార్చక్కర్లేదు. కానీ ఒక్కటి మాత్రం కొనకండి. ఒకే ఇరుసు మీది రెండు టైర్లు ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే అరుగుదలతో ఉండాలి. లేకపోతే తడి రోడ్డు మీద బ్రేకు కొడితే బండి ఒక పక్కకి లాగుతుంది.

స్టెప్నీని గుర్తు తెచ్చుకోండి. కారుతో వచ్చినది ఒక్కసారి కూడా వాడకుండా డిక్కీలో పడి ఉంటుంది. దాని వయసు నాలుగేళ్లలోపు ఉండి, సైజు అదే అయితే, అదే మోడల్ టైరు ఒక్కటి కొని జత చేయొచ్చు. ఒక టైరు డబ్బు మిగిలింది. పాతవాటిలో కాస్త మెరుగైనది స్టెప్నీ అవుతుంది. కొన్ని కొత్త కార్లకి స్టెప్నీ మిగతావాటికంటే సన్నంగా ఇస్తున్నారు, దానితో ఇది కుదరదు.

రెండే కొన్నప్పుడు కొత్తవి ఎక్కడ వేయాలి? షాపులో అడక్కుండానే ముందు వేసేస్తారు. "ఇంజను ముందే కదండీ, స్టీరింగు ముందే కదండీ" అంటారు. వెనక వేయమనండి. ముందు టైర్లు నీళ్ల మీద జారితే కారు తిన్నగా పోతుంది, యాక్సిలరేటరు వదిలితే వేగం తగ్గి మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనకవి జారితే కారు అడ్డం తిరిగిపోతుంది, మామూలు డ్రైవరు దాన్ని ఆపలేడు. గట్టు మీద అడ్డం తిరగడం అంటే ఏంటో చెప్పక్కర్లేదు. టైరు కంపెనీలు కూడా వెనకే వేయమంటాయి. షాపతను నవ్వినా పట్టించుకోకండి.

షాపుకి వెళ్లేముందు ఫోన్లు

కనీసం మూడు షాపులకి ఫోన్ చేయండి. ఒకటి మీ టౌనులోది, రెండు పెద్ద ఊళ్లవి. కాకినాడ, రాజమండ్రి, భీమవరం, తణుకు, అమలాపురం, ఎక్కడైనా సరే. చిన్న టౌను షాపులో ధర తక్కువ చెప్పినా, మీ సైజు అరుదైనదైతే అది ఏడాదిన్నరగా అటక మీద ఉన్న టైరై ఉండొచ్చు. ఎక్కువగా అమ్ముడుపోయే సైజులు ఎక్కడైనా తాజాగానే దొరుకుతాయి.

ఇలా అడగండి: "165/80 ఆర్14 కావాలండీ. ఏ మోడల్ ఉంది, ఏ వారం, ఏ సంవత్సరం? జీఎస్టీ బిల్లుతో, ఫిట్టింగు, కొత్త వాల్వు, బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు అన్నీ కలిపి ఎంతవుతుంది? పాతవాటికి ఏమిస్తారు?" ఒక షాపు టైరు ధర తక్కువ చెప్పి మిగతావాటిలో లాగుతుంది, ఇంకోటి అన్నీ కలిపి చెబుతుంది. మొత్తాన్ని మొత్తంతోనే పోల్చాలి.

2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త కారు టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. నాలుగు వేలు అసలు ధర ఉన్న టైరుకి అంతకుముందు పన్నుతో 5,120 అయ్యేది, ఇప్పుడు 4,720. పాత స్టాకుని పాత ధరకే అంటగడితే ఒప్పుకోకండి. బిల్లు లేకుండా ఇంకా తగ్గిస్తామంటే అసలే ఒప్పుకోకండి, రేపు టైరు ఉబ్బితే వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు. అన్నట్టు, పెట్రోలు తక్కువని యానాం వెళ్లే అలవాటున్నవాళ్లు టైర్లు కూడా అక్కడ చవకనుకుంటారు. యానాం పుదుచ్చేరి కిందిది, పెట్రోలు జీఎస్టీలో లేదు కాబట్టి ఆ తేడా. టైరు మీద జీఎస్టీ దేశమంతా ఒకటే, యానాం అయినా ముమ్మిడివరం అయినా.

బ్రాండు, మోడలు

ఎంఆర్ఎఫ్, అపోలో, సియట్, జేకే మన దేశపు కంపెనీలు. బ్రిడ్జ్‌స్టోన్, గుడ్‌ఇయర్, యోకోహామా, మిషెలిన్ బయటివి. చవకగా కావాలంటే తెలిసిన కంపెనీలోనే కింది మోడల్ తీసుకోండి. ఎవరూ పేరు వినని దిగుమతి టైరు మీదికి పోకండి. మన దేశంలో అమ్మే కారు టైరు మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 15633 అన్న అంకె ఉండాలి. అది లేని టైరు ఉచితంగా ఇచ్చినా వద్దు.

ఒకే కంపెనీలో మన్నిక మోడల్, పట్టు మోడల్ పక్కపక్కనే ఉంటాయి. రబ్బరు గట్టిగా ఉంటే ఎక్కువ రోజులు వస్తుంది, మెత్తగా ఉంటే రోడ్డుని బాగా పట్టుకుంటుంది. ఇప్పుడు రెండూ కలిపి తయారు చేస్తున్నామంటారు, కొంత నిజమే, ఖరీదైనవాటిలో. తక్కువ ధరలో మాత్రం ఏదో ఒకటే ఎక్కువగా దొరుకుతుంది. కొన్ని టైర్ల పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె, ట్రాక్షన్ అని అక్షరం ఉంటాయి. ట్రెడ్‌వేర్ ఎంత ఎక్కువైతే అంత మన్నిక. ట్రాక్షన్ తడి రోడ్డు మీద తిన్నగా బ్రేకు కొట్టి చూసిన పరీక్ష ఫలితం. ఏఏ అన్నిటికంటే మంచిది, తర్వాత ఏ, బి, సి. తక్కువ తిరిగే ఇంటి కారుకి మొదట చూడాల్సింది ఆ అక్షరం.

తేదీ

టైరు పక్కన డాట్ అన్న అక్షరాల తర్వాత వరుసలో చివరి నాలుగంకెలు చూడండి. 3425 అంటే 2025లో 34వ వారం, అంటే ఆగస్టు. ఈ నాలుగంకెలు చాలాసార్లు ఒక పక్కనే ఉంటాయి, టైరు తిప్పి చూడాలి. షాపులో "కొత్త స్టాకేనండి, నిన్ననే దిగింది" అంటారు. దిగింది నిన్నే కావొచ్చు, తయారైంది ఎప్పుడన్నది మనకి కావాలి. రిమ్ముకి ఎక్కించకముందే చూసుకోండి, ఎక్కించాక బేరం పోయినట్టే. రెండు టైర్లకీ విడివిడిగా చూడండి.

ఏడాదిలోపుదైతే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. ఏడాదికీ రెండేళ్లకీ మధ్య ఉంటే నీడలో పెట్టారా లేదా చూసి, ధర బాగా తగ్గిస్తే తీసుకోవచ్చు, ఎక్కువ తిరిగే కారుకైతే అది మంచి బేరమే. తక్కువ తిరిగే కారుకి వద్దు. రెండేళ్లు దాటితే ఎవరికీ వద్దు.

వద్దే వద్దు అనేవి

రీబటన్ టైర్లు, అంటే అరిగిన టైరు మీద కొత్త రబ్బరు అతికించినవి. లారీలకి పద్ధతిగా చేస్తే నడుస్తాయి, కారుకి వద్దు. అరిగిన టైరుకి వేడి కత్తితో గాళ్లు లోతుగా కోసి అమ్మేవి ఇంకా ప్రమాదం, అడుగున దారాలకీ రోడ్డుకీ మధ్య రబ్బరే మిగలదు. నల్ల పాలిష్ కొట్టి తళతళలాడే సెకండ్ హ్యాండ్ టైరు లోపల ఎన్ని దెబ్బలు తిందో బయటికి తెలియదు. నాలుగు సెకండ్ హ్యాండ్‌వి కొనే డబ్బుతో రెండు కొత్తవి వస్తాయి. రెండు కొత్తవే కొనండి.

బిగించే రోజు

దగ్గర నిలబడి చూడండి, టీకి వెళ్లకండి. సముద్రం దగ్గరి ఊళ్లలో, అంతర్వేది, ఓడలరేవు లాంటి చోట్ల ఉప్పుగాలికి ఇనప రిమ్ముల అంచు తుప్పు పడుతుంది. టైరు కూర్చునే ఆ అంచుని బ్రష్షుతో గీకి శుభ్రం చేయించకపోతే కొత్త టైరులోంచి కూడా గాలి నెమ్మదిగా పోతూనే ఉంటుంది, పంక్చర్ అనుకుని తిరుగుతుంటారు. పాత రబ్బరు వాల్వు తీయించి కొత్తది వేయించండి, ఖర్చు చాలా తక్కువ.

టైరు మీద బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే వైపుకి ఉండాలి. "బయటి వైపు" అన్న గుర్తుంటే అది బయటికి. బ్యాలెన్సింగ్ ప్రతి కొత్త టైరుకీ చేయించాలి. అలైన్‌మెంట్ చేసి కాగితం ముద్రించి ఇమ్మనండి. నట్లు ఎదురెదురుగా బిగించాలి, చివరి బిగింపు మెషిన్‌తో కాకుండా చేత్తో పానా పట్టి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ బిగింపు చూపించుకోండి.

గాలి స్టిక్కరు ప్రకారమే. "అందరికీ 35 పెడతామండీ" అంటే మీ అంకె చెప్పి పెట్టించుకోండి. స్టిక్కరు మీద మామూలు బరువుకి ఒక అంకె, నిండా ఎక్కినప్పుడు ఇంకో అంకె ఉంటాయి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, కాబట్టి ఇంటికి దగ్గరి బంకులో పొద్దున్నే చూపించండి. నెలకోసారి చాలు. నైట్రోజన్ కోసం ప్రత్యేకంగా డబ్బు పెట్టక్కర్లేదు, మామూలు గాలిలోనే మూడొంతులకి పైగా నైట్రోజన్ ఉంది.

కొత్త టైరు మీద తయారీలో వాడిన జారుడు పొర ఉంటుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు పట్టు పూర్తిగా రాదు, గట్టిగా బ్రేకులు కొట్టకుండా, వానలో దూకుడు లేకుండా నడపండి. నాలుగూ ఒకేసారి మార్చి ఉంటే, ఎనిమిది, పదివేల కిలోమీటర్లకోసారి ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్పించండి. బిల్లు మీద టైరు నంబరు రాయించుకుని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, వారంటీ కాగితం ఎటూ గ్లవ్ బాక్సులో పడి చిరిగిపోతుంది. వచ్చేముందు స్టెప్నీకి కూడా గాలి కొట్టించండి, జాకీ, పానా డిక్కీలో ఉన్నాయో లేదో చూసుకోండి.